గాలి ఇన్‌చార్జికి ఒక కుక్క

కృత్తిక కార్తె, మూడో రోజు

పొద్దుటి షిఫ్టులో ఉత్తరం వింగు మీటర్లన్నీ దించి తుడిచాను. నలభై నాలుగింటిలో తొమ్మిదే పనిచేస్తున్నాయి. మొన్నటికి పదకొండు. వీటి లోపలి బిళ్లలు తయారుచేసేవాళ్లు ఇప్పుడు ఎక్కడా లేరు. ఉన్నవాటినే స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి మళ్లీ బిగించడం నా ఉద్యోగంలో సగం. మిగతా సగం ఫ్యాన్ల చప్పుడు వినడం. నాకు రెండూ బాగా వచ్చు.

చలువపేట ఒకప్పుడు బొగ్గు గని. పైన ఎండలకు తాళలేక దాని లోపలే ఊరు కట్టుకున్నాం. మా గల్లీల గోడల వెనక ఇంకా బొగ్గు ఉంది. దానికి గాలి తగిలితే లోపల్లోపలే వేడెక్కుతుంది. మంట కనబడేలోపే విషవాయువు ఇళ్లలోకి పాకుతుంది. అది మీటరుకు తెలుస్తుంది. లేదా కుక్కకు తెలుస్తుంది. మనిషి ముక్కుకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

ఇన్నాళ్లూ ఆ పని పోశం, ఆయన కుక్క భీముడు చూసుకున్నారు. భీముడు చలికాలంలో చనిపోయాడు. పోశం మోకాళ్లు అరిగి మంచం దిగడం లేదు. అంతకుముందు వాళ్లు తిరిగి వెళ్లిన గంటకు, కుక్క పసిగట్టినచోట పోశం పెట్టిన సుద్దముక్క గుర్తులు చూసుకుంటూ నేను వెళ్లేదాన్ని. కలిసి ఎప్పుడూ వెళ్లలేదు. భీముడున్న గదిలో పది నిమిషాలు కూర్చుంటే నాకు కళ్లు ఉబ్బి, ఛాతీ బిగుసుకుని, పిల్లికూతలు మొదలయ్యేవి.

ఈరోజు సర్పంచ్ రాజనర్సు పిలిపించాడు.

"కొత్త కుక్కను తెద్దాం గంగామణీ. పట్టేది మాత్రం నువ్వే."

"నాకు కుక్క పడదని ఊరందరికీ ఎరుకే గద సర్పంచ్ సాబ్."

"ఎరుకే. కానీ ఏ గొట్టంల గాలి ఎటు పోతదో నీకు తప్ప ఎవలకు తెల్వది. పోశం గుర్తులు పెడితె నువ్వు లెక్క కట్టేటిదానివి. ఇప్పుడు పోశం లేడు. కుక్క, లెక్క ఒక్కతాన్నే ఉండాలె."

ఆ మాట నిజం. వాసన గాలితో పాటు ప్రయాణం చేస్తుంది. కుక్క ఒకచోట పసిగడితే నిప్పు ఇంకోచోట ఉండొచ్చు. పక్కనే నడిచే మనిషికి గాలి దారులు తెలిసి ఉండాలి.

"అలర్జీ రాని జాతి కుక్కలుంటయట. బొచ్చు రాలనియి. గసొంటిది తెప్పిద్దాం" అన్నాడు.

సరేనన్నాను. కుక్కకు భయపడి ఉద్యోగం వదిలే మనిషిని కాను.

కృత్తిక, ఐదో రోజు

డాక్టర్ నుస్రత్ దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లుగా నా ఊపిరితిత్తుల సంగతి నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. బొచ్చు రాలని జాతి మాట చెబితే నవ్వింది.

"బొచ్చుతోటి కాదు గంగా. కుక్క చర్మం నుంచి రాలే పొడి, లాలాజలం, మూత్రం, వీటిలో కొన్ని ప్రొటీన్లుంటయి. నీ ఒంటికి పడనివి అవి. బొచ్చు వాటిని మోస్తది, అంతే. అసలే ఇయ్యని జాతి అంటూ ఏదీ లేదు."

"మరి నాకు దారి లేదా?"

"జాతి లేదన్న. కుక్క లేదనలే. ఒకే జాతిల ఒక కుక్క పడొచ్చు, ఇంకోటి పడకపోవచ్చు. ఒక్కొక్కదానితోని కూసొని చూడు. ఎన్ని నిమిషాలకు ఏమైందో రాస్కో. పీల్చే మందు మాత్రం జేబుల్నే ఉండాలె."

రాసుకోవడం నాకు కొత్త కాదు. ఈ డైరీలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి, అవి ఇక కుక్కలకు.

కృత్తిక, ఎనిమిదో రోజు

పై స్టేషన్ నుంచి ఓదెలు మామ పూడిల్‌ను తెచ్చాడు. ఓదెలు మామ నేల మీద ఉండే కొద్దిమందిలో ఒకడు. రెండడుగుల మందం గోడల షెడ్డులో కుక్కలను పెంచి, వేడెక్కిన బొగ్గు వాసన పట్టడం నేర్పుతాడు. ఐదు డబ్బాల్లో బొగ్గు పోసి ఒకదాన్ని మాత్రం వేడిచేసి పెడతాడు. కుక్క ఆ డబ్బా దగ్గర చతికిలబడితే ఎండు చేప ముక్క.

పూడిల్ పేరు ముత్యం. తెల్లగా, ఉన్ని ముద్దలా ఉన్నాడు. సర్పంచ్ స్వయంగా లిఫ్టు దగ్గరికి వచ్చి చూసి మురిసిపోయాడు. "ఒక్క ఎంట్రిక రాలలే చూడు" అన్నాడు, నేలను చేత్తో తడిమి మరీ.

స్నానం చేయించి నా గదిలోకి తీసుకొచ్చాను. మొదటి గంట ఏమీ కాలేదు. రెండో గంటలో ముక్కు దురద. రాసుకున్నాను.

కృత్తిక, పదో రోజు

ముత్యం వెళ్లిపోయాడు. నిన్న మధ్యాహ్నానికి నా కళ్లు రెండూ మూసుకుపోయాయి. ఈరోజు పొద్దున ఆరో గల్లీ మెట్లు ఎక్కుతూ మధ్యలో కూలబడి మందు మూడుసార్లు పీల్చాల్సి వచ్చింది. పాపం, అతను వచ్చి నా పాదాల మీద తల పెట్టుకున్నాడు. అంతకంటే చేయగల హాని ఇంకొకటి లేదని ఆ కుక్కకు ఎలా చెప్పను?

నాకు దిగులేమీ లేదు. ఒకటి కాదని తేలింది. అంతే.

కృత్తిక, పదమూడో రోజు

రెండో కుక్క బోడన్న. ఒంటి మీద వెంట్రుకే లేదు, నెత్తి మీద మాత్రం ఒక కుచ్చు. ఓదెలు మామ దగ్గర ఈ జాతికి మిగిలింది ఇదొక్కటే. ఇరవై నిమిషాలు నా ఒళ్లో కూర్చున్నాడు. మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి. నలభై నిమిషాలకు పిల్లికూతలు. ఉన్ని కుక్కకంటే వెంట్రుక లేని కుక్కే తొందరగా నన్ను పడగొట్టింది. నుస్రత్ చెప్పింది అక్షరాలా నిజం.

ఈరోజు ఇంకో సంగతి. ఏడో గల్లీలో ముగ్గురు ఆడవాళ్లు వంటింట్లో కిరోసిన్ లాంటి వాసన వస్తోందన్నారు. మరో ఇద్దరు ఏమీ లేదన్నారు. నా ముక్కు బోడన్న పుణ్యమా అని దిబ్బడ వేసి ఉంది. ఆ గల్లీలో పనిచేసే మీటరు ఒక్కటీ లేదు. ఐదో గల్లీ నుంచి ఒకటి విప్పి తెచ్చి బిగించాను. ముల్లు కొద్దిగా కదిలింది. కొద్దిగానే. కానీ కదలకూడదు.

రోహిణి కార్తె, మొదటి రోజు

పైన యాభై ఐదు డిగ్రీలు. ఏడో గల్లీ మీటరు ముల్లు ఇంకో గీత పైకి వెళ్లింది.

పొద్దున్నే బోడన్నను తీసుకుపోవడానికి ఓదెలు మామ దిగాడు. ఈసారి వెంట ఒక ఆడకుక్క ఉంది. జొన్న కంకి రంగు, నిలబడ్డ చెవులు, మన ఊళ్లలో తిరిగే మామూలు కుక్క. బొచ్చు రాలి మామ పంచెంతా పసుపు రంగులో ఉంది.

"దీన్నెందుకు తెచ్చినవ్ మామా?"

"బోడిగాడు ఒక్కడైతె లిఫ్టుల వణుకుతడు బిడ్డా. ఇది పక్కనుంటె నిమ్మళం. జొన్న దీని పేరు."

లిఫ్టు మోటారు వేడెక్కి ఆగిపోవడంతో మేమంతా గేటు దగ్గరే కూర్చుండిపోయాం. బోడన్నను దూరంగా ఆ చివర కట్టేశాడు. జొన్న మాత్రం వచ్చి నా మోకాలికి ఆనుకుని పడుకుంది. తోసెయ్యాలనుకున్నాను. మాటల్లో పడి మరిచిపోయాను. మోటారు బాగయ్యేసరికి గంటంబావు గడిచింది. లేచి చీర దులుపుకుంటే గుప్పెడు వెంట్రుకలు రాలాయి.

అప్పుడు గమనించాను. నేను మామూలుగా ఊపిరి తీసుకుంటున్నాను.

గడియారం మళ్లీ చూసుకున్నాను. డెబ్బై ఐదు నిమిషాలు. "మామా, ఈ కుక్కను ఇడిసిపెట్టి పో" అన్నాను.

"ఇది పని కుక్క కాదు బిడ్డా. వాసన పడతది, మంచిగనే పడతది. కానీ మందిని జూస్తె బెదురుతది. అందుకే పక్కన పెట్టిన."

"నేనూ మందిని జూస్తె బెదురుత. ఇడిసిపెట్టు."

రోహిణి, రెండో రోజు

వెనక పేజీలన్నీ నుస్రత్ ముందు పరిచాను. రాత్రంతా గదిలో జొన్న ఉందని, ఒక్క తుమ్ము కూడా రాలేదని చెప్పాను. చిన్నప్పుడు పంపుహౌసులో ఈనిన కుక్క పక్కన దాని పిల్లలతో కలిసి పడుకున్న రోజులు కూడా గుర్తొచ్చాయి. అప్పుడూ ఏమీ కాలేదు.

"డాక్టరమ్మా, భీముడు మగ. ముత్యం మగ. బోడన్న మగ. నాకు ఊపిరాడనిచ్చినవి రెండూ ఆడవి. ఇందుల ఏమన్న ఉన్నదా?"

ఆమె కళ్లజోడు తీసి పెట్టింది.

"ఉన్నది గంగా. మగకుక్కలల్ల మాత్రమే తయారయ్యే ప్రొటీన్ ఒకటి ఉన్నది. కుక్కలు పడనోళ్లల్ల కొంతమందికి అదొక్కటే పడదు. నీకు గంతే అయితె ఆడకుక్కతోని పేచీ లేదు. ముప్పై ఏండ్ల సంది నిన్ను చూస్తున్న, ఈ ముచ్చట నాకు తట్టలే చూడు."

"తడితె మాత్రం? అప్పుడు కుక్క పోశంది గద."

పరీక్ష చేశాం. ఓదెలు మామ పైన ముత్యాన్నీ బోడన్ననూ దువ్వి, రాలిన పొడిని లిఫ్టులో పంపాడు. నుస్రత్ జొన్నను దువ్వి, మూడింటి పొడినీ విడివిడిగా ఉప్పునీళ్లలో నానబెట్టింది. నా ముంజేతి మీద నాలుగు చుక్కలు వరసగా వేసి, ఒక్కోదాని కింద సూదితో చిన్నగా గుచ్చింది. నాలుగోది ఉత్త ఉప్పునీళ్లు. పావుగంట చేయి కదపకుండా కూర్చున్నాను. ముత్యం చుక్క దగ్గర పావలా బిళ్లంత దద్దురు. బోడన్న దగ్గర దానికి రెట్టింపు. జొన్న దగ్గర, ఉప్పునీళ్ల దగ్గర సూది పోటు తప్ప ఇంకేమీ లేదు.

"ఒక్క పరీక్షతోని ఒట్టు పెట్టి చెప్పలేను. మందు జేబుల ఉంచుకో" అంది నుస్రత్. కానీ ఆమె నవ్వు ఆపుకోలేకపోతోందని నాకు తెలుస్తూనే ఉంది.

రోహిణి, మూడో రోజు

సర్పంచ్‌కు నచ్చలేదు.

"ఊరకుక్కా? గాలి గొట్టాలన్నీ బొచ్చుతోటి నిండుతయ్. ముత్యాన్నే డాక్టరమ్మతోని కోయిస్తె సరి గద? మగతనమే పోతది."

"కోసినా ఆ ప్రొటీన్ తగ్గనీకి శాన రోజులు పడతదట. పూర్తిగ పోతదని కూడ నమ్మకం లేదు. ఏడో గల్లీ ముల్లు అన్ని రోజులు ఆగుతదా?"

ఆయన గొంతు తగ్గించాడు. "ఆగదని నాకూ తెలుసు. అందుకే ఏడో గల్లీ కాడికెల్లి చివరి దాక గోడ కట్టి మూసేద్దామనుకుంటున్న."

"నిప్పు ఏడో గల్లీలనే ఉన్నదని ఎవరన్నరు? వాసన అక్కడ వస్తున్నది. అంతే. మనం మూసినంక నిప్పు ఇవతల దిక్కున ఉంటే?"

అప్పుడు ఉత్తరం వింగంతా ఖాళీ చేయాలి. మూడు వందల పన్నెండు మంది. దక్షిణం వింగు ఫ్యాన్లు మహా అయితే ఇంకో వంద మందికి గాలి ఇవ్వగలవు. మిగిలినవాళ్లు రోహిణి ఎండలో పైకి వెళ్లాలి. ముసలివాళ్లు, పసిపిల్లలు ఒక్క పూట కూడా తట్టుకోలేరు. ఈ లెక్క ఆయనకూ తెలుసు.

"ఐదు రోజులు" అన్నాడు చివరికి. "అప్పటికి కుక్క జాగ జూపకపోతె గోడ కడత."

"ఐదు చాలు" అన్నాను.

రోహిణి, ఆరో రోజు

చాలు అన్నాను గానీ మొదటి రోజంతా జొన్న నా మంచం కింద నుంచి బయటికే రాలేదు. గల్లీలో ఎవరు తలుపు వేసినా వణుకు. నేనూ నేల మీద కూర్చుని అన్నం తిన్నాను. ఎండు చేప ముక్కలు మంచం కింద నుంచి గది మధ్యకు, గది మధ్య నుంచి గుమ్మానికి జరుపుకుంటూ పోయాను. నిన్న డబ్బాలు పెట్టాను. ఐదింటిలో వేడి డబ్బా దగ్గరికి తిన్నగా వెళ్లి చతికిలబడి నా ముఖంలోకి చూసింది. పది సార్లు మార్చి పెట్టాను. పదిసార్లూ తప్పలేదు. ఓదెలు మామ పక్కన పెట్టిన కుక్క ఇది!

ఈరోజు ఖాళీ గల్లీలో నడిపించాను. నా పక్కనే ఆనుకుని నడిచింది. ఎదురుగా ఇద్దరు మనుషులు కనబడగానే వెనక్కి లాక్కుని పరుగు తీసింది. తాడు రాసుకుని నా అరచేయి చీరుకుపోయింది.

జొన్న బెదురు మిగిలిన రెండు రోజుల్లో పోదు. అందుకని మనుషులనే తప్పించాలి. సాయంత్రం మైకులో చెప్పాను: "ఎల్లుండి పొద్దున ఏడు నుంచి ఉత్తరం వింగుల ఎవ్వరూ తలుపులు తియ్యొద్దు. మాట్లాడొద్దు. పిల్లలను ఒళ్లో పెట్టుకోండ్రి. కుక్క మీ అందరి కోసం నడుస్తది. దాన్ని ఎవ్వరూ చూడొద్దు, గదొక్కటే అడుగుతున్న."

మూడు వందల మందిని ఊపిరి బిగబట్టి కూర్చోమని అడిగాను. ఒక్కరూ కాదనలేదు.

రోహిణి, ఎనిమిదో రోజు

ఏడింటికి బయలుదేరాం. నేను, జొన్న, మాకు యాభై అడుగుల వెనక చెప్పులు విడిచి సర్పంచ్. మంది మసిలే గల్లీలు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెన్నడూ చూడలేదు. ఒకచోట లోపల పసిపాప ఏడవబోయింది, ఎవరో వెంటనే పాలు పట్టారు. జొన్న చెవులు అటు తిరిగి మళ్లీ ముందుకు వచ్చాయి.

వాసన వచ్చిన ఏడో గల్లీ మొదట. గోడలన్నీ వాసన చూసుకుంటూ పోయింది, ఎక్కడా కూర్చోలేదు. పైన గాలి జాలీ కింద ఆగి ముక్కు ఎత్తి కుయ్యిమంది. సర్పంచ్ చెయ్యి ఊపాడు, ఇక్కడేనా అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. జొన్న కూర్చోలేదు. పైగా ఏడో గల్లీ జాలీలోకి గాలి ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. నాలుగో గల్లీ వెనక గొట్టం నుంచి, ఐదు, ఆరు దాటుకుని. నిప్పు ఆ దారిలో ఎక్కడైనా ఉండొచ్చు.

తాడు వదులు చేశాను. జొన్న వెనక్కి తిరిగింది. ఆరో గల్లీ. ఐదో గల్లీ. ప్రతి జాలీ దగ్గర ఒక్క క్షణం ఆగి మళ్లీ నడక. నాలుగో గల్లీలో బడి ధాన్యం గది వెనక గోడ దగ్గరికి వచ్చి, నేల నాకి, గోడను గోకి, చతికిలబడింది. నా ముఖంలోకి చూసింది.

చేప ముక్క ఇచ్చాను.

సర్పంచ్ గోడ మీద అరచేయి ఆనించాడు. "సల్లగనే ఉన్నది గద. ఇక్కడ ఎవ్వలకూ వాసన రాలే."

"ఈ గోడ ఎనక గాలిని గొట్టం గుంజుకపోతది. వాసన కూడ దానితోనే ఏడో గల్లీకి పోతున్నది. తొలిచి చూద్దాం."

"తప్పయితె?"

"తప్పయితె ఒక కన్నం. మూస్తం."

నాలుగడుగుల లోతు తొలిచి ఉష్ణమాపకం దింపాను. డెబ్బై ఎనిమిది డిగ్రీలు. మంచి మీటరు ఒకటి ఆ కన్నానికి పట్టుకున్నాను. ముల్లు ఆ చివర దాకా వెళ్లి కొట్టుకుంది.

ఏడో గల్లీ దగ్గర గోడ కట్టి ఉంటే, నాలుగో గల్లీ నుంచి ఆరో గల్లీ దాకా ఉన్న నూట ముప్పై మంది ఈ నిప్పుతో పాటే ఇవతల మిగిలిపోయేవాళ్లు. సర్పంచ్‌కు అది నేను చెప్పలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు, ఆయనకే అర్థమైంది.

రోహిణి, పదకొండో రోజు

నాలుగో గల్లీలో పదకొండు ఇళ్లు. నలభై ముగ్గురు మనుషులు. మూడు గంటల్లో సామాను సర్దుకుని దక్షిణం వింగుకు వెళ్లారు. అక్కడి గాలి వాళ్లకు సరిపోయింది. పైకి ఎవరూ వెళ్లాల్సిన పని లేకపోయింది.

మూడు రోజులు ఇసుక, నీళ్లు కలిపి గోడ వెనకకు పంపు చేశాం. ఊరంతా వంతులు వేసుకుని మోసింది. ఈరోజు మధ్యాహ్నానికి కన్నంలో వేడి నలభై ఒకటికి దిగింది. ఏడో గల్లీ ముల్లు సున్నాకు వచ్చింది. నాలుగో గల్లీని మాత్రం ఇసుకతో పూర్తిగా నింపేయక తప్పదు. ఆ పదకొండు ఇళ్లు ఇక లేవు. అది నేను తీసుకున్న నిర్ణయం, రేపు అడిగినా అదే చెబుతాను.

ఈ మూడు రోజులూ పీల్చే మందు ఒక్కసారి వాడాను. అదీ ఇసుక దుమ్ముకు.

మృగశిర కార్తె, రెండో రోజు

పైన మబ్బు పట్టిందట. ఓదెలు మామ ఫోనులో చెప్పాడు. ఇంకో రెండు ఆడ కుక్కపిల్లలకు డబ్బాల పని నేర్పుతున్నాడట, నా కోసమే.

పొద్దున లచ్చవ్వ వచ్చింది. నాలుగో గల్లీలో ధాన్యం గదికి ఆనుకున్న ఇల్లు ఆమెది. డెబ్బై ఏళ్ల మనిషి, ఆ ఇంట్లోనే పుట్టింది. నన్ను తిడుతుందనుకుని లేచి నిలబడ్డాను. ఆమె నన్ను చూడలేదు. గుమ్మంలోనే కూర్చుని కొంగులోంచి జొన్నరొట్టె ముక్క తీసి నేల మీద పెట్టి, ముఖం పక్కకు తిప్పుకుంది. ఎవరూ చూడకూడదని మైకులో నేను చెప్పిన మాట ఇంకా పాటిస్తోంది.

చాలాసేపటికి జొన్న మంచం కింద నుంచి వచ్చింది. రొట్టె వాసన చూసింది. తినలేదు. లచ్చవ్వ చేతిని వాసన చూసి, అక్కడే ఆమె పక్కన పడుకుంది. నేను కాకుండా ఇంకో మనిషి దగ్గరికి అది వెళ్లడం ఇదే మొదలు.

"మా ఇండ్లు ఆగం చేసినట్టు దీనికి తెల్వదు గద పాపం" అంది లచ్చవ్వ, ఇంకా పక్కకే చూస్తూ. "మంచిగనే చేసింది. నా మనుమరాలు ఆ గోడకే తల పెట్టి పండుకునేది."

టీ పెట్టి ఇచ్చాను. తాగి వెళ్లింది.

ఆ తర్వాత ఎప్పటిలాగే రౌండు. ఈసారి తలుపులు మూయమని ఎవరికీ చెప్పలేదు. ఐదో గల్లీలో నలుగురు కనబడ్డారు. జొన్న నా కాలికి గట్టిగా ఆనుకుంది గానీ వెనక్కి లాగలేదు. మొదటి గల్లీ నుంచి తొమ్మిదో గల్లీ దాకా ప్రతి గోడ, ప్రతి జాలీ చూశాం. రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ఊపిరి బాగుంది.

జొన్న ఎక్కడా కూర్చోలేదు.